కోసాడ్ దారిలో జారిన నేతముడి

సూరత్ వెళ్ళొచ్చానని తెలియగానే మా కాలనీ ఆడవాళ్ళంతా చీరలు చూపించమని వచ్చారు. ఒక్కటీ తేలేదంటే నమ్మరే. ఒకామె మాటల్లో పెట్టి మంచం కిందకి కూడా తొంగి చూసింది. నేను తెచ్చుకున్నది ఒక తాడు. రెండు బారల పొడవుంటుంది. గులాబీ, ఆకుపచ్చ, నలుపు పాలిస్టర్ దారాలు కలిపి పేనింది. దాని ఒక కొసన, ముడి విడిపోయిన చోట, వంకర ఇంకా పోలేదు. చీరలడిగిన వాళ్ళకి అది చూపించి ఏం చెప్పను? అందుకే ఇక్కడ రాస్తున్నాను. కుక్కల్ని పెంచేవాళ్ళూ, పెంచేవాళ్ళింటికి చుట్టపుచూపుగా వెళ్ళి "నేను తిప్పుకొస్తాలే" అని ముందుకు దూకే నాలాంటి వాళ్ళూ చదవాలి.

నేను కరీంనగర్‌లో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

స్టేషన్ బయట లోచో

మా పిన్ని కూతురు లక్ష్మి స్టేషన్‌కి వచ్చింది. పెళ్ళయి సూరత్ వచ్చేసి పాతికేళ్ళు దాటింది. ఆటోవాడితో గుజరాతీ, పండ్లవాడితో హిందీ, నాతో మన తెలుగు, మూడూ ఒకే ఊపులో మాట్లాడుతుంది. ఇంటికి వెళ్ళేలోపే నా చేతిలో లోచో ప్లేటు పెట్టించింది. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, ముద్దగా ఉండగానే వెన్న, కారం, సన్నకారప్పూస చల్లి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. చూడ్డానికి వంట చెడిపోయినట్టు ఉంటుంది, తింటే రెండో ప్లేటు అడగాలనిపిస్తుంది. నేను అడిగాను కూడా.

"అక్కా, గిట్ల తింటె ఇంట్ల ఏం తింటవ్? నేను రొట్టెలు చేసి పెట్టిన" అంది లక్ష్మి. ఆ రొట్టెలు కూడా తిన్నాను. అక్కడున్న వారం రోజుల్లో నేను కడుపునిండా సంతోషంగా తిన్నది ఆ ఒక్కరోజే.

లింబాయత్, మగ్గాల నడుమ

సాయంత్రం లక్ష్మి భర్త మల్లేశం పనిచేసే చోటికి వెళ్ళాం. లింబాయత్ సందుల్లో ఆటో దూరదు, దిగి నడవాలి. కార్ఖానా ఇంకా రెండు సందులు ఉందనగానే కాళ్ళ కింద నేల అదురుతున్నట్టు తెలిసింది. లోపల అడుగుపెడితే చెవుల్లో మేకులు కొట్టినట్టుంది. అక్కడ ఎవరూ మాట్లాడరు. దారం అయిపోతే రెండు వేళ్ళు, చాయ్ వస్తే బొటనవేలు, సేఠ్ వస్తే మీసం తిప్పడం. మల్లేశం నన్ను చూసి దండం పెట్టాడు, నోరు కదిలింది, ఏమన్నాడో తెలియలేదు.

ముప్పై ఏళ్ళ ఆ మోతకి అతని చెవులు దాదాపు పోయాయి. ఎదురుగా నిలబడి, ముఖం చూపించి, కాస్త గట్టిగా మాట్లాడితే అందుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే మాత్రం గోడని పిలిచినట్టే.

నేను చూస్తుండగానే ఒక పోగు తెగింది. మగ్గం ఆపి, రెండు కొసలు పట్టుకుని, వేళ్ళు ఒక్కసారి అటూ ఇటూ తిప్పి నేతముడి వేశాడు. చిన్న కత్తెరతో ముడి పక్కన మిగిలిన తోకల్ని మొదలంటా కత్తిరించేశాడు. ముడి ఎక్కడుందో నాకు కనపడనే లేదు. బయటికొచ్చాక అడిగితే చెప్పాడు.

"తోక మిగిలితె మగ్గం దువ్వెన సందుల తట్టుకుంటది వదినె. గుడ్డ మీద తేల్తది. సేఠ్ పైసలు కోస్తడు. గందుకె కొస కొయ్యాలె."

గుమ్మం దగ్గర దారపు కండెలు, అంటే బాబిన్లు, వచ్చే అట్టపెట్టెలున్నాయి. నాలుగేళ్ళ క్రితం అలాంటి పెట్టెలోనే అతనికి ఒక కుక్కపిల్ల దొరికింది. అందుకే దానికి బాబిన్ అని పేరు పెట్టాడు.

కోసాడ్, మూడో అంతస్తు

వాళ్ళిల్లు కోసాడ్ కాలనీలో. సర్కారు కట్టిన బిల్డింగులు, అన్నీ ఒకేలా ఉంటాయి. లక్ష్మి వెంట లేకపోతే నేను ఎవరింట్లోనో చెప్పులు విప్పేదాన్ని. గదినిండా చీరలు. కూలికి తెచ్చుకుని వాటికి రాళ్ళు అంటిస్తుంది లక్ష్మి. ఆ చీరల కట్టల మధ్య గోధుమరంగు కుక్క, తెల్లటి ఛాతీ. నన్ను ఒకసారి వాసన చూసి తన పని తను చూసుకుంది.

దాని పనేమిటో కాసేపట్లో తెలిసింది. తలుపు ఎవరో కొట్టారు. మల్లేశం గోడకానుకుని తింటున్నాడు. బాబిన్ లేచి అతని లుంగీ అంచు పట్టుకుని లాగింది. అతను కిందికి చూసి, వెళ్ళి తలుపు తీశాడు. కుక్కర్ కూత పెడితే మళ్ళీ లాగింది. వీధిలో అతను నడుస్తుంటే వెనక బండి హారన్ కొట్టినా అంతేనట. ఎవరూ నేర్పలేదు.

"నేను ఇంట్ల లేనప్పుడు గీయనకు వాడే దిక్కు" అంది లక్ష్మి.

భోజనంలో పోంక్ పెట్టింది. పాలు పట్టిన పచ్చి జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి నలిపిన గింజలు. అచ్చం మన ఊచబియ్యం. మనం ఉప్పూ కారంతో తింటాం, వాళ్ళు నిమ్మకాయ పిండి కారప్పూస కలుపుతారు. కిలో ధర విని నేను నోరు తెరిచాను. మనూళ్ళో చేను గట్టున కూర్చుని ఊరికే తిన్నవాళ్ళం కదా.

అప్పుడే మల్లేశం ఆ తాడు చూపించాడు. వృథాగా పోయే దారంతో మెడకో పట్టీ, పట్టుకోవడానికో తాడు తనే పేనాడు. రెంటినీ కలుపుతూ ఒక ముడి. చూడగానే గుర్తుపట్టాను. అదే నేతముడి, తోకలు మొదలంటా కత్తిరించి ఉన్నాయి.

"గీ దారంతోటి ఎద్దును కట్టినా తెగది" అన్నాడు. నిజమే, దారం తెగలేదు.

కాలువ అవతల

మర్నాడు ఆదివారం, అతనికి సెలవు. పొద్దున్నే బాబిన్‌ని తీసుకుని అతనూ నేనూ బయల్దేరాం. రోడ్డువైపు లారీల పోటు. అందుకని కాలువ దాటి పొలాలవైపు తిప్పుతాడు. చెరకు కొట్టేసిన మళ్ళు, సర్కారు తుమ్మ చెట్లు, మధ్యలో బీడు. కాలువ దాటి వంద అడుగులు వేశామో లేదో తీతువు పిట్ట ఒకటి మా నెత్తి మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. మల్లేశానికి వినపడలేదు. నాకు వినపడింది. విని ఏం చేశాను? పాఠం చెప్పాను.

"ఇది నేల మీదే గుడ్లు పెడుతుంది మల్లేశం. రాళ్ళలో కలిసిపోతాయి, కనపడవు" అంటున్నాను. బాబిన్ ముక్కు ఆ గుడ్లకి జానెడు దూరంలో ఉంది.

ఒక కర్ర వచ్చి మాకు అడ్డంగా నిలిచింది. తెల్లబట్టలు, తలపాగా, చెవులకి పోగులు, అరవై ఏళ్ళ గొర్రెల కాపరి. పేరు జేఠాభాయ్. నన్ను బెన్, అంటే అక్కా, అని పిలుస్తూ, నాకు అర్థమయ్యేలా హిందీ కలిపి మాట్లాడాడు.

"ఎండ ముందే వచ్చింది, పిట్ట ముందే గుడ్లు పెట్టింది. ఇటు తిప్పండి బెన్. పిట్ట అరిస్తే వెనక్కి మళ్ళాలి."

"తెలుసు, నేను ఇవే పాఠాలు చెప్పేదాన్ని" అన్నాను.

"తెలిసినవాళ్ళు ఇంకా దూరంగా ఉండాలి కదా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. నాకే మండింది.

అతని మంద తుమ్మల కింద ఉంది. వందకి పైన గొర్రెలు, సగం సూడివి. పొట్టలు నేలకి వేలాడుతున్నాయి. అతని భార్య లాఖీబెన్ మాకు చాయ్ పోసింది, కప్పులో కాదు, సాసర్‌లో. ఊదుకుంటూ తాగాం. వాళ్ళ సొంత కుక్క మంద మధ్యలోనే పడుకుని ఉంది. అదుంటే లేని భయం మా కుక్కతో ఏమిటని అడిగాను.

"అది ఈ మందలోనే పుట్టింది. దాని వాసన వీటికి తెలుసు. కొత్త కుక్క ఊరికే నిలబడి చూసినా ఇవి మేత మానేస్తాయి" అన్నాడు.

అడక్కుండానే ఇంకో రెండు చెప్పాడు. మందకీ కంచెకీ మధ్య నుంచి కుక్కతో వెళ్ళొద్దు, గొర్రెకి పోవడానికి ఖాళీ నేల ఉండాలి. మంద ఎదురొస్తే ఆగడం కాదు, వెనక్కి పోవాలి. చెబుతూనే మా తాడు అందుకుని ముడి మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"కొసలు ఎందుకు కోశారు? గట్టిగా లాగితే జారదా?"

మల్లేశం నవ్వాడు. "ముప్పై ఏండ్ల చెయ్యి భాయ్. అలవాటు."

జేఠాభాయ్ నవ్వలేదు. భుజం మీది తాడు తీసి ఇచ్చాడు. మేకవెంట్రుకలతో పేనింది, చేతికి గరుకుగా ఉంది, పట్టుకుంటే జారదు. నేను ప్రయాణానికని కొనుక్కున్న కొత్త చీర కట్టుకుని ఉన్నాను. ఆ తాడు మేక వాసన కొడుతోంది, వెంట్రుకలు రాలుతున్నాయి. "వద్దులెండి, మాది గట్టిదే" అని మర్యాదగా తిరిగిచ్చేశాను. మల్లేశం కాదు, నేను.

చేతిలో తాడు, ముందర కుక్క లేదు

సోమవారం మల్లేశం ఏడింటికే పనికి వెళ్ళాడు. లక్ష్మి రాళ్ళ పని ముందేసుకుని కూర్చుంది. నేను తిప్పుకొస్తానన్నాను.

"రోడ్డు దాక చాలు అక్కా. కాలువ దిక్కు పోకు" అంది.

సరేనని చెప్పి ఆ దిక్కే పోయాను. నాకు లాఖీబెన్ సాసర్ చాయ్ కావాలి. గుడ్లు పిల్లలయ్యాయేమో దూరం నుంచి చూడాలి. ఊరికెళ్ళి చెప్పుకోవడానికి కబుర్లు కావాలి.

కాలువ కట్ట మీద మంద ఎదురొచ్చింది. ఒకపక్క కాలువ, ఇంకోపక్క ఎవరిదో ప్లాటుకి వేసిన ముళ్ళ కంచె. వెనక్కి పొమ్మని నిన్ననే చెప్పాడు. పక్కకి ఒదిగి నిలబడితే అవే పోతాయనుకున్నాను. తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నాను కూడా, జాగ్రత్తపరురాలిని కదా. ఒక గొర్రె ఆగి, ముందుకాలు నేలకేసి కొట్టింది. బాబిన్ ఒక్క గుంజు గుంజింది. చేతిలో బరువు పోయింది. తాడు నా మణికట్టుకే ఉంది, కొస ఖాళీగా ఊగుతోంది.

గొర్రెలన్నీ ఒక్కసారిగా కంచె మీదికి పోయాయి. వాటి మీద ఇంకొన్ని. బాబిన్ తోక ఊపుకుంటూ వాటి చుట్టూ పరిగెత్తింది. దానికి ఎంత సంతోషమో. ఒక్కదాన్నీ కరవలేదు. నేను "బాబిన్, బాబిన్" అని అరుస్తూ వెంటపడ్డాను. నేనెంత అరిస్తే అదంత ఎగిరింది.

జేఠాభాయ్ కుక్క వైపు చూడనే లేదు. నేరుగా కంచె దగ్గరికి పోయి, కింద పడ్డవాటిని ఒక్కొక్కటే లేవనెత్తాడు. లాఖీబెన్ నా చెయ్యి పట్టి ఆపింది.

"వెంటపడకు. ఆట అనుకుంటుంది" అని, నేల మీద కూర్చుని రొట్టె ముక్క చూపించింది. బాబిన్ నాలుక బయటపెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చింది. లాఖీబెన్ దాని మెడపట్టీ పట్టుకుంది.

మందని లెక్క చూసుకున్నారు. అన్నీ ఉన్నాయి. మూడింటికి ముళ్ళు గీరుకున్నాయి, ఒకటి కుంటుతోంది, అంతే. నాకు ఏడుపొచ్చేంత ఊరట కలిగింది.

"మూడు రోజులు చూడాలి" అన్నాడు జేఠాభాయ్.

గాయాల గురించి అనుకున్నాను. పసుపు పెట్టమని సలహా కూడా ఇచ్చాను. అతను ఆ మేకవెంట్రుకల తాడుతోనే బాబిన్‌ని కట్టి నా చేతికిచ్చాడు.

సాయంత్రం మల్లేశం రాగానే ఎదురుగా నిలబడి చెప్పాను. "నీ ముడి ఊడింది మల్లేశం."

అతను తాడు కొస చాలాసేపు వేళ్ళతో నలుపుతూ చూశాడు. "ముప్పై ఏండ్ల సంది ఒక్క ముడి ఊడలె వదినె" అన్నాడు మెల్లగా. నేను పోకూడని చోటికి పోయానని చెప్పలేదు. ఎవరికీ ఏమీ కాలేదుగా అనుకుని, రెండు రొట్టెలు తిని పడుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

ఘారీ డబ్బా

గురువారం పొద్దున మల్లేశం సగంరోజు సెలవు పెట్టాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్తామని ఘారీ కొన్నాను. పాలకోవా, పిస్తా లోపల పెట్టి నేతిలో ముంచిన మిఠాయి. అరకిలో డబ్బా. వేలంత మందాన నెయ్యి గడ్డకట్టి ఉంటుంది. తాడు కూడా ఉతికి, ఆరేసి, తిరిగివ్వడానికి తీసుకెళ్ళాం. బాబిన్‌ని ఇంట్లోనే వదిలాం.

దూరం నుంచే మంద పలచగా కనపడింది. సూడి గొర్రెల్ని విడిగా తుమ్మల కింద ఉంచారు. లాఖీబెన్ ఒక గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన గోనెసంచి మీద పిల్లలున్నాయి. ఉన్ని సరిగా రాలేదు. కళ్ళు తెరవలేదు. చర్మం తడిగా, గులాబీరంగులో ఉంది. ఏడు. నేను ముందు అవేమిటో గుర్తుపట్టలేదు. ముప్పై ఏళ్ళు గర్భాశయం బొమ్మ బోర్డు మీద గీసినదాన్ని.

"నిన్న మధ్యాహ్నం మొదలైంది. ఇవాళ ఇక్కడి నుంచి కదలాలి, కదల్లేదు. ఇంకా ఎన్ని నెలలు నిండకుండా ఈసుకుపోతాయో" అన్నాడు జేఠాభాయ్. అతను గొయ్యి తవ్వుతున్నాడు.

"కానీ వాడు కరవలేదు" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో.

"కరిస్తే ఒకటి పోయేది బెన్" అన్నాడు. తవ్వడం ఆపలేదు.

ఒళ్ళో ఉన్న గొర్రె ఒకసారి కాళ్ళు చాపింది. లాఖీబెన్ దాని చెవి సవరిస్తూనే ఉంది, అది పోయాక కూడా. నేను పర్సు తీయబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. ఘారీ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాను.

మల్లేశం వెళ్ళి జేఠాభాయ్ చేతిలో పార అందుకుని తవ్వడం మొదలుపెట్టాడు. నా వైపు వీపు తిరిగి ఉంది. అప్పుడు చెప్పాను. "ముడిది కాదు మల్లేశం, తప్పు నాది. ఇటు రావద్దని లక్ష్మి చెప్పింది, మంద ఎదురొస్తే వెనక్కి పొమ్మని ఈయన చెప్పాడు. నేను వినలేదు." జేఠాభాయ్‌కి తెలుగు రాదు. మల్లేశానికి వినపడదు. పార ఆగలేదు.

మేం వెళ్ళేటప్పుడు జేఠాభాయ్ ఒక మాట చెప్పాడు. "మా వెనక ఇంకో రెండు మందలు వస్తున్నాయి. వాళ్ళు మా చుట్టాలు. ఈ సంగతి తెలిసిపోతుంది. ఒకసారి మందని ఉరికించిన కుక్క మళ్ళీ ఉరికిస్తుంది. నేను దాన్ని ఏమీ చేయను. వాళ్ళ మాట నేను చెప్పలేను." ఉతికిన తాడు తీసుకోలేదు, ఉంచుకోమన్నాడు.

కాలువ దాటాక మల్లేశాన్ని ఆపి, ముఖంలోకి చూస్తూ నా తప్పూ, జేఠాభాయ్ మాటా మళ్ళీ చెప్పాను. ఈసారి విన్నాడు.

"ముడి నాదే వదినె. చెయ్యి నీది. బాబిన్‌దేమున్నది" అన్నాడు.

తోలు పట్టీ, ఇనుప కొక్కెం ఉన్న మంచి తాడు కొనిస్తానన్నాను. వద్దన్నాడు. "తాడు మంచిదే దొరుకుతది. నాకు మంద గంటలు ఇనపడయి. తీతువ కూత ఇనపడది. మంద దగ్గరికొచ్చేదాక నాకెట్ల ఎర్కయితది? వీడు మళ్ల ఉరికితె?" నడక మొదలుపెట్టి మళ్ళీ అన్నాడు. "కిమ్ అనే ఊర్ల దారం గోదాం ఉన్నది. నాలుగు దిక్కుల గోడ. మా దోస్తు చౌకీదార్. కుక్క కావాలని అడుగుతుండె."

లక్ష్మి ఆ రోజు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

కిమ్

శుక్రవారం దారం తీసుకెళ్ళే టెంపోలో కిమ్ వెళ్ళాం. బాబిన్ మల్లేశం ఒళ్ళో కూర్చుని దారంతా గాలి పీల్చింది. గోదాం ఆవరణ పెద్దదే, ఎత్తైన గోడ, రేకుల పైకప్పు, గచ్చు నేల. గడ్డిపరక లేదు. పిట్ట గుడ్లు పెట్టే చోటు కాదు, గొర్రె వచ్చే చోటు కాదు. కుక్కని కట్టేయడానికి ఇంతకన్నా క్షేమమైన జాగా ఉండదని నాకు నేను చెప్పుకున్నాను.

చౌకీదార్ గొలుసు తెచ్చాడు. మల్లేశం కొక్కెం బిగించి, లాగి చూశాడు. మళ్ళీ లాగి చూశాడు. దారపు మెడపట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాడు, ముడి ఊడిన ఆ దారపు తాడు నాకిచ్చాడు. లేచి నాలుగడుగులు వేసేలోపు బాబిన్ గొలుసు చివరిదాకా వచ్చి అతని ప్యాంటు అంచు పట్టుకుని లాగింది.

అతను ఆగి చుట్టూ చూశాడు. "ఎవరన్న పిలుస్తున్నరా వదినె?"

"లేదు" అన్నాను.

కోసాడ్‌కి తిరుగు ప్రయాణం రైల్లో. కిమ్ ప్లాట్‌ఫారం మీద మనుషులు పలచగా ఉన్నారు. మల్లేశం పట్టాల దగ్గరగా, అంచు మీద నిలబడి అటెటో చూస్తున్నాడు. వెనకవైపు నుంచి ఆగని బండి ఒకటి కూత పెట్టుకుంటూ వస్తోంది. అందరూ వెనక్కి జరిగారు. అతను జరగలేదు. మల్లేశం అని గట్టిగా అరిచాను. తర్వాత గుర్తొచ్చి, పరుగున వెళ్ళి అతని చొక్కా అంచు పట్టుకుని లాగాను.

అతను వెంటనే వెనక్కి జరిగాడు. జరిగి, ముందు కిందికి చూశాడు.